నేనే ముందు చెయ్యెత్తేదాన్ని

టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే నా చెయ్యి లేచేది. ప్రశ్న ఏమిటో సరిగ్గా వినకుండా లేచిన రోజులూ ఉన్నాయి. మొదటి బెంచీలో కుడి చివర నా చోటు. దాని మీద ఎప్పుడూ కుదురుగా కూర్చున్నదాన్ని కాదు. అంచు మీద, కాలి వేళ్ళ మీద బరువు వేసి, ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుండేదాన్ని. "నేను టీచర్, నేను!"

"నువ్వు కాదు, ఇంకెవరైనా చెప్పండి," అని టీచర్ తరగతి వైపు ఒకసారి చూసేవారు. ఆ చూపు అలా వెళ్ళి ఇలా వచ్చేసేది. "సరే, నువ్వే చెప్పు." నేను చెప్పేదాన్ని. "గుడ్" అనేవారు. పాఠం ముందుకు వెళ్ళిపోయేది. మిగతా వాళ్ళు నా జవాబు నోటుపుస్తకంలో రాసుకునేవారు.

వచ్చే నెల నుంచి నాకంటూ ఒక తరగతి ఉండబోతోంది. ట్రైనింగ్ అయిపోయింది, చేతికి సర్టిఫికెట్ వచ్చింది. మొన్న పాత కాగితాలు సర్దుతుంటే ట్రైనింగ్ మొదట్లో రాసిన ఒక అసైన్‌మెంట్ దొరికింది. 'ఉపాధ్యాయురాలిగా నా విలువలు, నేను కలలు గనే తరగతి గది' అని శీర్షిక. "ప్రతి విద్యార్థిలో నిగూఢంగా ఉన్న శక్తులను వెలికితీసి..." అంటూ మొదలుపెట్టాను. పదికి తొమ్మిది వేశారు. చదువుతుంటే సిగ్గేసింది. రెండు పేజీల్లో ఒక్క పిల్ల లేదు, ఒక్క పిల్లాడు లేడు. ఎవరి ముఖమూ కనపడలేదు. ఆ పేజీలు ఎవరైనా రాయొచ్చు, ఏ తరగతి గురించైనా రాయొచ్చు.

అందుకే మళ్ళీ రాస్తున్నాను. ఈసారి మార్కుల కోసం కాదు కాబట్టి, ముఖాలతోనే మొదలుపెడతాను. మొదటి ముఖం నా పక్కన కూర్చునే అమ్మాయిది.

తను నిదానం. మందబుద్ధి అని కాదు, నిదానం. ఈ రెంటికీ తేడా ఉందని అప్పట్లో మా స్కూల్లో ఎవరికీ పట్టలేదు, నాకూ పట్టలేదు. బోర్డు మీద 1/3 + 1/6 అని వేస్తే నేను టకటకా క.సా.గు. తీసి, 3/6, అంటే 1/2 అని చెప్పేసేదాన్ని. తను మాత్రం నోటుపుస్తకం వెనక పేజీలో ఒక దీర్ఘచతురస్రం గీసేది. దాన్ని ఆరు గడులు చేసేది. మూడో వంతు అంటే రెండు గడులు, ఆరో వంతు అంటే ఒక గడి. మూడు గడులకూ పెన్సిల్ రంగు వేసి, కాసేపు అలాగే చూసి, "సగం!" అని తనలో తను నవ్వుకునేది. అప్పటికి మేము మరో రెండు లెక్కలు దాటిపోయేవాళ్ళం.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. క.సా.గు. ఎందుకు తీస్తామో నాకు తెలియదు. తీస్తే జవాబు వస్తుందని తెలుసు, అంతే. ఎందుకో తెలిసింది తనకి. 'గుడ్' మాత్రం నాకొచ్చేది.

ఒకరోజు లెక్కల పీరియడ్‌కి ముందు తను నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "ఇవాళొక్క రోజు నువ్వు చెయ్యెత్తకుండా ఉంటావా? నాకు ఒక్కసారి చెప్పాలనుంది."

"ఓస్, అంతేనా," అన్నాను. నిజంగానే అన్నాను, మనస్ఫూర్తిగా.

మొదటి ప్రశ్నకి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. టీచర్‌కి ఆశ్చర్యమేసి నా వైపు చూశారు. వేరే ఎవరో చెప్పారు. రెండో ప్రశ్నకీ ఓర్చుకున్నాను. మూడో ప్రశ్న పడగానే తను వెనక పేజీ తిప్పి గీయడం మొదలుపెట్టింది. పెన్సిల్ కదలడం పక్క నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. గడులు గీయడం అయిపోయింది. రంగు వేస్తోంది. ఇంకాస్త ఆగితే తల ఎత్తేది. నా చెయ్యి లేచిపోయింది. నేను ఎత్తానని అనలేను, అదే లేచింది. కానీ నోరు కూడా దాని వెంటే వెళ్ళింది కదా, దానికేం చెప్పను?

"గుడ్," అన్నారు టీచర్. ఆ రోజు దాంతో ఆగలేదు. పక్కనున్న తన వైపు తిరిగి, "పక్కనే కూర్చుంటావు, ఆ అమ్మాయిని చూసైనా నేర్చుకోవచ్చు కదా," అన్నారు.

తను ఏమీ అనలేదు. పుస్తకం మూసేసింది. తర్వాతి వారం నుంచి వెనక బెంచీలో, కిటికీ పక్కకి మారిపోయింది. నేను అడగలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్తుందో నాకు తెలుసనుకున్నాను.

ఆ టీచర్‌ని తప్పుపట్టడం నాకిప్పుడు అంత తేలిక కాదు. 40 నిమిషాల పీరియడ్, అవ్వాల్సిన సిలబస్, ఎదురుగా అన్నీ చెప్పేసే పిల్ల ఒకత్తి. ఆ పిల్లను అడిగితే పాఠం నడుస్తున్నట్టే ఉంటుంది. తరగతి మొత్తానికీ అర్థమైనట్టే ఉంటుంది. టీచర్‌కి అంతకంటే హాయి ఏముంది? ఆ హాయి రుచి తర్వాత నేనూ చూశాను. అది తర్వాత చెప్తాను.

నా వేగం మొదటిసారి నేల మీద పడింది సైన్సు క్లాసులో. చలిగా ఉన్న ఒక ఉదయం. సైన్సు టీచర్ వేరే ఏదో పాఠం చెబుతున్నారు. వెనక బెంచీ నుంచి తను లేచింది. తను లేవడమే వింత, అందరం వెనక్కి తిరిగాం. "టీచర్, బెంచీ చెక్క అంత చల్లగా లేదు, దాని ఇనప కాలు మాత్రం చాలా చల్లగా ఉంది. రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి కదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఎప్పట్లాగే చెయ్యెత్తి, "ఇనుము చల్లటి పదార్థం టీచర్, చెక్క వెచ్చటి పదార్థం," అన్నాను.

టీచర్ 'గుడ్' అనలేదు. తప్పు అనీ అనలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "మంచి ప్రశ్న. ఇప్పటికిప్పుడు నేను ఏదో ఒకటి చెప్పగలను కానీ, చెప్తే మీరు నమ్ముతారు, అంతే. రేపు చూద్దాం," అన్నారు.

మర్నాడు రెండు థర్మామీటర్లు తెచ్చారు. ఒకదాన్ని బెంచీ చెక్కకి, ఇంకోదాన్ని ఇనప కాలికి ఆనించి, గుడ్డ చుట్టి కట్టించారు. పీరియడ్ చివరిదాకా వదిలేశారు. ముందుగా ఎవరు ఏమనుకుంటున్నారో బోర్డు మీద రాయించారు. తరగతిలో ముప్పావు వంతు నా వైపే ఉన్నారు, ఇనుము తక్కువ చూపిస్తుందని. చివర్లో తనని పిలిచి చదవమన్నారు. రెండూ దాదాపు ఒకే అంకె చూపించాయి.

తరగతి గొల్లుమంది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. అప్పుడు చెప్పారు టీచర్: గదిలో రాత్రంతా ఉన్న వస్తువులన్నీ గది వేడికే వచ్చేస్తాయి. మన చెయ్యి వాటికంటే వెచ్చగా ఉంటుంది. ఇనుము చేతిలోని వేడిని గబగబా లాగేసుకుంటుంది, చెక్క నెమ్మదిగా తీసుకుంటుంది. మన చెయ్యి కనిపెట్టేది వస్తువు ఎంత చల్లగా ఉందన్నది కాదు, తన వేడి ఎంత వేగంగా పోతోందన్నది. "అంటే మన చెయ్యి అబద్ధం చెప్తుందన్నమాట," అంది తను. "అబద్ధం కాదు, వేరే ప్రశ్నకి జవాబు చెప్తుంది," అన్నారు టీచర్.

ఆ మాట నాకు ఆ రోజు అర్థం కాలేదు. నా జవాబు తప్పైందన్న ఉక్రోషమే మిగిలింది. కానీ స్కూల్లో నేను నేర్చుకున్న సైన్సులో ఇప్పటికీ మర్చిపోనిది అదొక్కటే. మిగతాదంతా పరీక్ష రాసిన సాయంత్రమే ఎటో పోయింది.

ట్రైనింగ్ గురించి ఎక్కువ చెప్పను. శిశుకేంద్రిత విద్య అనే పాఠాన్ని రెండు గంటల పాటు నోట్సు డిక్టేట్ చేశారు. మేము తల ఎత్తకుండా రాసుకున్నాం. పిల్లలు తమంతట తాము జ్ఞానాన్ని నిర్మించుకుంటారు, అండర్‌లైన్ చేసుకోండి, పరీక్షలో వస్తుంది. వైగోట్‌స్కీ అనే సోవియట్ మనస్తత్వవేత్త 1934లో, 37 ఏళ్ళ వయసులోనే చనిపోయాడని తెలిసినప్పుడు మాత్రం పెన్ను ఆగింది. ఒక పిల్ల తనంతట తాను చేయగలిగినదానికీ, పక్కన ఒకరు తోడుంటే చేయగలిగినదానికీ మధ్య ఉన్న జాగా గురించి చెప్పినవాడు. నేను తన పక్కనే కూర్చున్నాను కదా అనిపించింది. తోడుగా కూర్చున్నానా, అడ్డంగానా?

తర్వాత సూక్ష్మబోధన. ఐదారుగురు తోటి ట్రైనీలే పిల్లల్లా నటిస్తారు, ఐదారు నిమిషాలు ఒక్క నైపుణ్యం మీద పాఠం చెప్పాలి. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతి ఇది. నటించే పిల్లలు అన్నిటికీ టకీమని జవాబు చెప్పేవారు, ఎందుకంటే తర్వాతి వంతు వాళ్ళది. నాకు చాలా బాగా వచ్చేసిందనుకున్నాను.

అసలు సంగతి టీచింగ్ ప్రాక్టీస్‌లో తేలింది. నిజం పిల్లలు, నిజం తరగతి. నాకు పరిశీలకురాలిగా వచ్చిన మేడమ్ వెనక బెంచీలో కూర్చుని ఏదో గీసుకుంటున్నారు. నా పాఠం దశాంశాల మీద. అద్భుతంగా నడిచింది. ప్రశ్న వేయడం, జవాబు రావడం, ప్రశ్న వేయడం, జవాబు రావడం. తాళం తప్పలేదు. పాఠం కోసం చేసిన చార్టులు రంగురంగులవి, ముందు రోజు రాత్రంతా కూర్చుని చేసినవి.

బెల్లు కొట్టాక మేడమ్ పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. తరగతిలో బెంచీల పటం. నేను ఎవరిని ప్రశ్న అడిగితే బల్ల దగ్గర నుంచి అక్కడికి ఒక గీత. గీతలన్నీ ముందు వరసలో ముగ్గురి దగ్గరికే వెళ్ళాయి, ఝాడూ పుల్లల్లా ఒక్కచోట చేరి. వెనక సగం తరగతి తెల్లగా ఉంది. కాగితం రెండో వైపు అంకెలు: 0.8, 1, 0.5, 1.2, 0.7...

"ఇవేంటి మేడమ్?"

"ప్రశ్న అడిగాక నువ్వు ఆగిన సెకన్లమ్మా."

నాకు నోట మాట రాలేదు. మేడమ్ తిట్టలేదు. అందరికీ అంతే ఉంటుందని చెప్పారు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల టేపులు వినీ వినీ 1974లో రాసిందట: టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మించి ఆగరు. దాన్ని 3 సెకన్లు చేస్తే చాలు, జవాబులు పొడుగవుతాయి, 'తెలియదు' అనడం తగ్గుతుంది, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడతారు, పిల్లలే ప్రశ్నలు వేయడం మొదలుపెడతారు. పిల్ల జవాబు చెప్పాక టీచర్ నోరు తెరిచే ముందు ఆగే సమయం కూడా అంతే ముఖ్యమట. అందులో ఇంకో సంగతి ఉంది, అది విని నాకు కడుపులో తిప్పినట్టయింది. బాగా చదువుతారనుకున్న పిల్లల కోసం టీచర్లు ఎక్కువసేపు ఆగుతారట, చదువు రాదనుకున్న పిల్లల కోసం తక్కువ. ఎక్కువ సమయం ఎవరికి కావాలో వాళ్ళకే తక్కువ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బెంచీల పటంలో ఆ తెల్లటి సగం కళ్ళ ముందు నుంచి పోలేదు. కిటికీ పక్క బెంచీ కూడా ఆ సగంలోనే ఉంది.

మర్నాటి నుంచి ఆగడం మొదలుపెట్టాను. చదివినంత తేలిక కాదు. ప్రశ్న వేసి, చెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్ళు ఒకటొకటే మడుస్తూ లెక్కపెట్టేదాన్ని. ఒకటి... రెండు... రెండు దగ్గరికి వచ్చేసరికి గొంతులో ఏదో ఎగదన్నేది. తరగతిలో నిశ్శబ్దమంటే టీచర్‌కి పాఠం మర్చిపోయినట్టుంటుంది. పిల్లలకీ అలాగే అనిపించింది. ముందు వరస ముగ్గురూ చేతులు ఊపేసుకుంటున్నారు, నేను పిలవకపోయేసరికి ఒకమ్మాయి "టీచర్, ఇటు చూడండి టీచర్!" అంది. ఆ పిల్లని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది.

మూడు రోజులు ఏమీ జరగలేదు. ఇదంతా పుస్తకాల కబుర్లేమో అనుకున్నాను. నాలుగో రోజు, 0.35, 0.8 వీటిలో ఏది పెద్దది అని అడిగి, అందరినీ పలకల మీద రాసి ఛాతీ దగ్గర పట్టుకోమన్నాను. చేతులెత్తే పనే లేదు. సగానికి పైగా పలకల మీద 0.35 ఉంది. నిన్నటిదాకా ఈ పాఠం తరగతికి బాగా వచ్చేసిందని నేను అనుకుంటున్నాను! ముందు వరస ముగ్గురికీ వచ్చింది, నిజమే.

వెనక బెంచీలో ఒక పిల్లాడిని, "నువ్వు ఎలా అనుకున్నావో చెప్పు నాన్నా," అని అడిగి ఆగాను. లేచాడు. బల్ల వైపు చూశాడు. పలక వైపు చూశాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు దాటింది. కూర్చో అనబోయాను, పెదవి కొరుక్కున్నాను.

"35 అంటే 8 కంటే చాలా ఎక్కువ కదా టీచర్," అన్నాడు.

తప్పే. కానీ ఎంత చక్కటి తప్పు! పూర్ణాంకాల్లో వాడు నేర్చుకున్న నియమం అది, అక్కడ ఎప్పుడూ మోసం చేయలేదు. దాన్నే ఇక్కడికీ తెచ్చుకున్నాడు. నా చార్టుల్లో ఎక్కడా వాడి ఆలోచనకి చోటు లేదు. ఆ రోజు పాఠ్య పథకం పక్కన పెట్టేసి, పది గడుల పట్టీ ఒకటి గీశాం. ఎనిమిది గడులకు రంగు వేశాం. మూడున్నర గడులకు రంగు వేశాం. నేను గీస్తున్నది ఎవరి బొమ్మో సగం గీశాక గానీ నాకు తట్టలేదు. చాక్‌పీస్ పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడ్డాను. పిల్లలు మళ్ళీ 'ఆగుతోంది' అనుకున్నట్టున్నారు, నిశ్శబ్దంగా ఉన్నారు.

కాబట్టి నేను కోరుకునే తరగతి గది గురించి మళ్ళీ రాయమంటే ఇప్పుడు ఇలా రాస్తాను.

గోడల మీద ఏ చార్టులు ఉంటాయో నాకు పట్టింపు లేదు. స్క్రీను ఉన్నా సరే, లేకపోయినా సరే. నా తరగతిలో ప్రశ్నకీ జవాబుకీ మధ్య జాగా ఉండాలి. 52లోంచి 27 తీసేసి 35 అని రాసిన పిల్ల ఉంటుంది. ఎర్ర ఇంటూ పెట్టేయడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆ పిల్ల ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసిందని తెలియాలంటే కూర్చుని అడగాలి. అది అజాగ్రత్త కాదు, ఆ పిల్లకి అదొక పద్ధతి. పద్ధతి ఉన్న తప్పుని ఇంకో పది లెక్కలు ఇంపోజిషన్ ఇచ్చి దిద్దలేం, పైగా గట్టిపడుతుంది.

మార్కుల విషయంలో నా మాట ఎంత నెగ్గుతుందో తెలియదు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చదివాను. కొందరు పిల్లలకి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఎక్కడ బాగుంది, ఎక్కడ సరిచేయాలో మాటల్లో మాత్రమే రాశారు, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. మాటలు మాత్రమే అందుకున్నవాళ్ళే తర్వాత మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్ళకి మాటల వల్ల ప్రయోజనం దక్కలేదు. ఎందుకో నేను నా అనుభవంతోనే చెప్పగలను. 25కి 25 చూసుకున్నాక కింద ఏం రాశారో నేను ఏనాడూ చదవలేదు. పక్కన తను 11 చూసుకుని కాగితం మడిచేసేది, తనూ చదవలేదు. ఇద్దరికీ ఆ అంకె దగ్గరే అయిపోయింది. యూనిట్ టెస్టులకి మార్కులు వేయక తప్పదు, రిజిస్టరు అడుగుతుంది. రోజువారీ నోటుపుస్తకంలో మాత్రం అంకెలు వేయను. ఒక్క వాక్యమైనా రాస్తాను. అరవై పుస్తకాలుంటే అరవై వాక్యాలు ఎప్పుడు రాస్తావని మా సీనియర్ ఒకావిడ అడిగారు. రోజుకి ఒక వరస బెంచీలవి, అని చెప్పాను. "రెండేళ్ళు ఆగు, చూద్దాం," అన్నారు. ఆవిడ ఎగతాళికి అనలేదు, అలసటతో అన్నారు. అందుకే ఆ మాట నన్ను భయపెట్టింది.

ఇంకో భయం, నా కళ్ళు. 1968లో రోజెంథాల్, జేకబ్సన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక స్కూల్లో కొందరు పిల్లల పేర్లు టీచర్లకిచ్చి, వీళ్ళు ఈ ఏడు బాగా ఎదుగుతారని పరీక్షలో తేలిందన్నారు. నిజానికి ఆ పేర్లు ఉత్తినే, లాటరీ తీసినట్టు ఏరినవి. ఏడాది చివర చూస్తే, ముఖ్యంగా చిన్న తరగతుల్లో, ఆ పిల్లలే ఎక్కువ ఎదిగారు. దీని మీద తర్వాత బోలెడు వాదనలు జరిగాయి, అంత ప్రభావం ఉండదన్నవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ వాదన తెగక్కర్లేదు. టీచర్ కళ్ళు ఒక పిల్ల మీద వాలితే ఎలా ఉంటుందో అనుభవించినదాన్ని, పక్క పిల్ల మీద నుంచి జారిపోతే ఎలా ఉంటుందో పక్కనే కూర్చుని చూసినదాన్ని. ఏడాది మొదట్లో పాత టీచర్లు స్టాఫ్‌రూములో "వాడా, వాడికి చదువు రాదులే," అని చెప్పే మాటలు కొన్నాళ్ళు వినకుండా ఉండాలని ఉంది. చెవులు మూసుకోలేను కదా. కనీసం ఒక నెల దాకా నమ్మను.

మరి ముందు బెంచీలో ఊగిపోయే పిల్ల సంగతి? దీని గురించి చాలా ఆలోచించాను, పూర్తిగా తేల్చుకోలేదు. ఆ పిల్లని ఊరికే 'నువ్వు ఆగు' అంటే సరిపోదు. నాకూ అన్నారు. అది శిక్షలా ఉంటుంది, తెలిసిన పాపానికి నోరు మూసుకోవడం. ఆ పిల్లకి తను కూడా ఆగి ఆలోచించాల్సిన లెక్క ఇవ్వాలి. 8 + 4 = □ + 5 అని వేసి గడిలో ఏం రావాలో అడిగితే, వేగంగా చేసే పిల్లలు 12 అంటారు, ఇంకా వేగంగా చేసేవాళ్ళు అన్నీ కలిపేసి 17 అంటారు. సమానం గుర్తు అంటే 'ఇప్పుడు జవాబు రాయి' అని కాదు, రెండు వైపులా ఒకటే ఉండాలని తెలియాలి. గడిలో 7 రావాలి. నా చిన్నప్పుడు నన్నెవరైనా ఇది అడిగి ఉంటే నేను కచ్చితంగా 12 అని అరిచి ఉండేదాన్ని. తను ఏదో త్రాసు బొమ్మ గీసి ఉండేది.

ఎవరికైనా వేగం ఒక్కటే ఉంటే ఎంత పేదరికమో ఆ సైన్సు టీచర్ నాకు చూపించారు, అదీ నన్ను ఒక్క మాట అనకుండా. నాకు తెలియనిది పిల్లలు అడిగిన రోజు నేనూ అలా కిటికీలోంచి బయటికి చూసి, "రేపు చూద్దాం," అనగలనా? అనాలని ఉంది. తెలియదు అనడానికి టీచర్‌కి ఉండాల్సిన ధైర్యం గురించి ట్రైనింగ్‌లో ఒక్క పీరియడ్ కూడా పెట్టలేదు. అయితే 'రేపు చూద్దాం' అన్నాక నిజంగా మర్నాడు థర్మామీటర్లు తేవాలి. తేకపోతే అది తప్పించుకోవడమే, పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి మొన్న తనకి ఫోన్ చేశాను. అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం, కానీ ఆ రోజుల సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. థర్మామీటర్ల సంగతి గుర్తుందా అంటే పగలబడి నవ్వింది. "నీ మొహం చూడాల్సింది ఆ రోజు!" అంది. ఇనప కాలు, గుడ్డ, బోర్డు మీద రాసిన ఓట్ల లెక్క, అన్నీ గుర్తున్నాయి తనకి. ఆ టీచర్ గొంతుతో ఆ మాట కూడా అని వినిపించింది.

లెక్కల పీరియడ్ రోజు గుర్తుందా అని అడిగాను. నువ్వు నన్నొకటి అడిగావు, నేను మాటిచ్చి తప్పాను, అన్నాను.

"ఏమో, గుర్తులేదే," అంది.

"మరి బెంచీ ఎందుకు మారావు?"

అవతల చప్పుడు లేదు. లైను కట్ అయిందేమో అనుకున్నాను. హలో అనబోయి మానేశాను. చెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్ళి వేళ్ళు మడుస్తోంది. మూడు. నాలుగు. ఐదు.

"నీ చెయ్యి అడ్డమే," అంది చివరికి. "ఎప్పుడూ గాల్లోనే ఉండేది కదా, బోర్డు కనిపించేది కాదు."

అని నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.